మేక మేసిన మడి

శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి, అదీ జూన్ నెలలో, బుద్ధున్న మనిషెవరూ ఖతార్‌లో పక్క దిగరు. ఈ మాట మా ఆయన నిరంజన్‌కు వందసార్లు చెప్పి ఉంటాను. వారమంతా సైటులో కాంక్రీటు పోయించే మనిషి, దొరికిన సెలవునాడు సీతాకోకచిలుకలను లెక్కపెట్టడానికి ఎడారికి పోతానంటే ఏ భార్యకైనా ఒళ్ళు మండుతుంది. నాకు ఏడాదిపాటు మండింది. ఆ శుక్రవారం మాత్రం నేనూ కారెక్కాను. ప్రకృతి మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. అల్ తుమామాలో మా ఫ్లాటు ఏసీ చెడిపోయింది, బాగుచేసేవాడు శనివారం వస్తానన్నాడు, కారులో ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఈ శుక్రవారం నడకలకు పెద్ద నిత్యానందం గారు. ఆయనది రాజోలు. నజ్మాలో ఒక పాత బిల్డింగులో ఇరవై ఏడేళ్ళుగా అవే రెండు గదుల్లో ఉంటూ, ఒక కన్సల్టెన్సీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశారు. ఈమధ్యే అరవై నిండాయి, కంపెనీ వీసా క్యాన్సిల్ చేస్తోంది. ఇంకో రెండు వారాల్లో, ఒక శనివారంనాడు, భార్య సుకుమారి గారితో కలిసి విమానమెక్కి వెళ్ళిపోతారు. మళ్ళీ రారు. అంటే ఆ రోజుది కాక ఆయనకు మిగిలినవి రెండు శుక్రవారాలు.

ఎండాకాలం రాగానే మిగతా వాకింగ్ గ్రూపులన్నీ మాల్స్‌లోకి దూరిపోతాయి. ఈయన మాత్రం పదకొండేళ్ళుగా ఒకే చోటికి వస్తున్నారు. దోహా నుంచి ఉత్తరంగా ముప్పావు గంట పోతే పల్లంగా ఉండే నేల ఒకటి వస్తుంది, ఇక్కడివాళ్ళు రౌదా అంటారు. వాన పడితే నీళ్ళు నిలిచే చోటు. కొన్ని రేగుచెట్లు, కొన్ని తుమ్మలు, వరుసగా జిల్లేళ్ళు, పక్కనే ఎవరో వదిలేసిన తోట. అక్కడ చూసిన ప్రతిదీ ఆయన ఒక నోటుబుక్కులో రాస్తారు. జీవితమంతా డ్రాయింగులు గీసిన చెయ్యి కదా, అక్షరాలు అచ్చు గుద్దినట్టుంటాయి.

ఆ నోటుబుక్కుకు ఒక నియమం ఉంది. సీతాకోకచిలుకను కనీసం ఇద్దరు చూడాలి. చూసిన ఇద్దరినీ ఆయన విడివిడిగా పక్కకు తీసుకెళ్ళి, రంగేమిటి, మచ్చలెన్ని, దేనిమీద వాలింది అని అడుగుతారు. రెండు జవాబులూ కలిస్తేనే కలం తీస్తారు. లేకపోతే దేవుడొచ్చి చెప్పినా రాయరు. పదకొండేళ్ళలో అలా ఎక్కినవి ఇరవై మూడు రకాలు.

ఇరవై నాలుగోది ఎక్కలేదు. ఆ కథ దారిలో నిరంజన్ చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఒక పొద్దున నిత్యానందం గారు ఒక్కరే ఉన్నప్పుడు ఒక నల్లటి సీతాకోకచిలుక కనిపించిందట. ఒక్కో రెక్క మీద తెల్లటి చందమామ, ఆ చందమామ చుట్టూ నీలి అంచు. రెండు నిమిషాలు ఎదురుగా వాలి, ఎగిరిపోయింది. పక్కన ఇంకో మనిషి లేడు. కళ్ళారా చూసిందాన్ని ఆయన రాసుకోలేదు, మళ్ళీ దొరకలేదు.

"అది లేకుండ ఇండియాకు పోతే సార్‌కు నిద్ర పట్టదు" అన్నాడు నిరంజన్.

"ఆయనే చూసినంక రాసుకుంటే ఎవరొద్దంటరు?"

"అదే కదా వేదా. రాయడు."

దిగేసరికి అయిదు కావస్తోంది. ఎండ ఇంకా ముదరలేదు గానీ గాలి అప్పటికే వెచ్చబడింది. సుకుమారి గారు వాళ్ళ కారులోంచి ప్యాంటు, టోపీతో దిగారు. వెనక సీట్లో ఆమె పట్టుచీర మడతపెట్టి ఉంది. శుక్రవారమే ఇక్కడ వాళ్ళకు ఆదివారం. అబూ హమూర్ చర్చిలో తెలుగు ఆరాధన తొమ్మిదింటికి, అందుకని ఏడుంబావుకల్లా నడక ముగియాలి. ఎప్పుడూ వచ్చే నలుగురిలో నాలుగోవాడు షఫీ, హైదరాబాద్ మల్లేపల్లి మనిషి, ఫ్లాస్కు నిండా చాయ్‌తో వస్తాడు. అతను నడిచేదానికన్నా మాట్లాడేది ఎక్కువ.

"సార్, గిన్నేండ్లకు నిజం ఒప్పుకోండి. అది నల్ల కవర్. గాలికి లేసింది, మీకు చందమామలు కనబడ్డయి" అన్నాడు షఫీ.

"ఆయ్, కవరుకి కాళ్ళుంటాయేటి షఫీ గారూ? కాళ్ళు కూడా చూశానండి నేను" అన్నారు నిత్యానందం గారు నవ్వుతూ. నవ్వారు గానీ, ఆయన కళ్ళు అప్పటికే జిల్లేళ్ళ మీద తిరుగుతున్నాయి.

నేను లెక్కల టీచర్ని. చెట్టూ చేమా గురించి చదువుకున్నదేమీ లేదు. కానీ పది అడుగులు వేసేసరికి నాకు నవ్వొచ్చింది. ఎడారి, ఎడారి అని భయపెట్టారు, తీరా చూస్తే ఇవన్నీ మా జగిత్యాల రోడ్డు పక్కన ఉండేవే. పల్లేరు పసుప్పచ్చగా పూసి నేలంతా పాకింది. చేదుపుచ్చ తీగ ఇసుకలో కాళ్ళు చాపుకుని పడుకుంది. జిల్లేడు పువ్వు ఊదారంగు కొసలతో గుత్తులు గుత్తులుగా ఉంది. ఒక్కటి మాత్రం తెలియలేదు. తెల్లటి రేకులు, పొడుగాటి ఊదా కేసరాలు, ఎంతో అందంగా ఉంది. దాన్ని కబర్ అంటారని, చీకట్లో విచ్చుకుని ఎండ తగలగానే వాడిపోతుందని ఆయనే చెప్పారు.

"మీ వైపు దీన్ని ఏవంటారమ్మా?" అని ప్రతి మొక్క దగ్గరా అడిగేవారు. నేను చెప్పిన పేరు ఆయన రాజోలు పేరు పక్కన రాసి, బ్రాకెట్లో 'వేదవతి గారు' అని పెట్టేవారు. ఒక గంటలో నా పేరు ఆరుసార్లు ఆ పుస్తకంలోకెక్కింది. బడిలో ఇరవై ఏళ్ళు చెప్పినా నా పేరు ఎవరూ అంత శ్రద్ధగా రాయలేదు. మనసులో మాట చెప్పాలంటే, నాకు చాలా సంతోషమైంది.

రేగుచెట్టు చుట్టూ గోరంత నీలిరంగువి రెండు తిరిగాయి. జిల్లేడు మీద నారింజరంగుది ఒకటి వాలింది. నల్ల అంచు, కొసల్లో తెల్లచుక్కలు. అది ఇక్కడ మామూలుదేనట. జిల్లేడు పాలు తాగి పెరుగుతుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవని ఆయన చెప్పారు. నన్నూ షఫీనీ విడివిడిగా అడిగి, రాసుకున్నారు. నల్లది మాత్రం రాలేదు.

తరువాత ఆయన, నిరంజన్, షఫీ కబర్ పొదల వైపు వెళ్ళారు. సుకుమారి గారు నీడలో కూర్చున్నారు. నేను తోట గోడ వారగా నడిచాను. అక్కడ ఒక పాత పైపు కారుతోంది. ఎన్నాళ్ళుగా కారుతోందో, దాని చుట్టూ మంచమంత మేర నేల తడిగా ఉంది. ఆ తడి నిండా ఎర్రటి కాడలతో, బొద్దుగా, నిగనిగలాడుతూ గంగవాయిలి కూర.

నడక నియమాలు నాకు తెలియవని కాదు. చూడొచ్చు, ఫోటో తీయొచ్చు, ఏదీ తెంపకూడదు. కారు దిగేటప్పుడే చెప్పారు. కానీ అది అడవి మొక్కల సంగతి. ఆకుకూర అడవి మొక్క ఎలా అవుతుంది? మా వైపు ఏ ఆడమనిషినైనా తీసుకొచ్చి ఆ మడి ముందు నిలబెట్టండి, చేతులు కట్టుకుని ఫోటో తీసుకుని వెళ్ళిపోతుందేమో చూద్దాం. హ్యాండ్‌బ్యాగులో కవరుంది. గోటితో లేత కొసలన్నీ గిల్లాను. పది నిమిషాల్లో కవరు నిండింది. పెసరపప్పులో వేసి, ఎల్లిగడ్డ పోపు పెట్టి, వేడన్నంలో కలుపుకుంటే ఎలా ఉంటుందో అప్పటికే నాలుక మీద తెలుస్తోంది. ఎవరూ చూడకముందే కవరు తీసుకెళ్ళి కారులో పెట్టి వచ్చాను.

నేను తిరిగి వచ్చేసరికి అందరూ ఆ పైపు దగ్గరికే వస్తున్నారు. నిత్యానందం గారు నడుస్తూనే చెబుతున్నారు. "ఆ నల్లదాని పిల్ల ఇంకే ఆకూ ముట్టదండి, పావిలి కూరే తింటుంది. ఈ వేసవిలో చుట్టుపక్కల పావిలి పచ్చగా ఉన్న మడి ఇదొక్కటే. నెల్రోజులుగా కనిపెట్టుకుని ఉన్నాను. కిందటి వారం ఆకు అడుగున గుడ్లలాంటివి కనపడ్డాయి. పిల్లలయ్యుంటే ఈపాటికి..."

మాట అక్కడ ఆగిపోయింది. మడి మొండిగా ఉంది. ఎర్రటి కాడలు, వాటి మధ్య తడి మట్టి.

ఆయన పావిలి అంటున్నది మా గంగవాయిలినే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కాడను పట్టుకుని కొస దగ్గర చూశారు. ఇంకో కాడ చూశారు. భూతద్దం తీసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారు.

"ఏమైంది సార్?" అన్నాడు నిరంజన్.

"మేకండి. ఏదో మేక మేసిపోయినట్టుంది" అన్నారు నిత్యానందం గారు. లేచి ప్యాంటు దులుపుకుని, "యల్లా, పదండి, మనకింకా రెండు వారాలున్నాయిగా" అన్నారు.

నేనప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇంకొకళ్ళయితే చెప్పేవారేమో. నేను పిల్లల ముందు బోర్డు మీద తప్పు వేస్తే చప్పున తుడిచేసే రకం. నోరు తెరిచాను, "చాయ్ తాగుదామా" అన్నాను.

తిరుగుదారిలో కవరు నా కాళ్ళ దగ్గరే ఉంది. నిరంజన్ దాన్ని ఒకసారి చూశాడు, నన్ను ఒకసారి చూశాడు.

"వేదా, ఆ మేక..."

"బండి నడుపు."

ఇంటికి రాగానే వంటింటి గట్టు మీద పేపరు పరిచి కూర కుమ్మరించాను. ఆకు ఆకూ తిప్పి చూశాను. గొంగళిపురుగంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటిదాన్ని ఆ పొద్దున పురుగు కనపడాలని మొక్కుకున్నాను. కనపడ్డాయి. ఒకటి కాదు, మూడు. చిటికెన వేలంత పొడుగు, నల్లటి ఒళ్ళు, ఒళ్ళంతా ముళ్ళు, తల మీద రెండు కొమ్ములు. చూస్తే భయం వేస్తుంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి, అందులో కూర పెట్టి, మూడింటినీ చేర్చి, మూతికి ఉల్లిగడ్డల సంచి వల కట్టాను.

"సార్‌కు ఫోన్ చెయ్. ఆయనకు తెల్సు ఎట్ల పెంచాలె" అన్నాడు నిరంజన్.

"చేసి ఏమని చెప్పాలె? మీ మడిని నేనే మేసిన అని చెప్పాల్నా?"

"చెప్తే ఏమైతది?"

"చెప్పినంక ఇవి చచ్చిపోతే? ఆయనకు రెండుసార్లు పోయినట్టైతది." నిజమే అన్నాను. కానీ అందులో సగం నా సిగ్గు కూడా ఉందని నాకూ తెలుసు, అతనికీ తెలుసు.

పురుగుల ఆకలి గురించి నాకప్పటిదాకా తెలియదు. పప్పుకోసం తెచ్చినదంతా శనివారం సాయంత్రానికి కాడలతో సహా అయిపోయింది. ఏసీ బాగుచేసేవాడు వచ్చి, ఆ డబ్బా చూసి, నా మొహం చూసి, పని ముగించుకుని వెళ్ళిపోయాడు. నేను అప్పటికప్పుడు అబూ హమూర్ కూరగాయల మార్కెట్‌కు పరిగెత్తాను. అరబ్బులూ ఈ కూర తింటారు కాబట్టి కట్టలు కట్టలుగా దొరికింది. శుభ్రంగా కడిగి పెట్టాను. రెండు పురుగులు ఆశగా తిన్నాయి. తెల్లవారుజామున లేచి చూస్తే రెండూ డబ్బా అడుగున ముడుచుకుపోయి ఉన్నాయి. మందు కొట్టిన కూర. మూడోది పైన వలకు అతుక్కుని ఉంది, ఇంకా కిందికి దిగలేదు, కాబట్టి బతికింది.

నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. పురుగుల కోసం ఏడ్చే రోజు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

నిరంజన్ కారు తాళాలు తీసుకున్నాడు. ఆదివారం, డ్యూటీ ఏడింటికి. ఇంకా ఎండ రాకముందే వెళ్ళి, ఆరున్నరకు పిడికెడు గంగవాయిలి కాడలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బూట్ల నిండా ఇసుక.

"సార్ ఆడ కూసున్నడు" అన్నాడు.

"ఎక్కడ?"

"ఆ పైపు కాడ. మడత కుర్చీ ఏసుకొని, ఒక్కడే. నేను కారు దూరం పెట్టి అరగంట దాక్కున్న. ఆయన పోయినంక తెంపిన. కాడలకు చిగురు పెడుతున్నది వేదా, అంత పోలేదు."

ఆ కుర్చీ మాట విన్నాక నాకు తిండి సయించలేదు. ఊరు వదిలి వెళ్ళే మనిషి, సామాన్లు సర్దుకోవాల్సిన మనిషి, నేను గిల్లేసిన మడి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ తీశాను. ఆయన నంబరు చూశాను. మిగిలిన ఆ ఒక్క పురుగునూ చూశాను. అది కొత్త ఆకు కొరుకుతోంది. ఇంకొక్క రోజు ఆగుదాం అనుకున్నాను.

అలా ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అంటూ బుధవారం వచ్చింది. బుధవారం పురుగు తిండి మానేసి, వల నుంచి తలకిందులుగా వేలాడింది. మధ్యాహ్నానికి చర్మం విడిచి, మట్టిరంగు గూడు అయిపోయింది. ఇక పెట్టాల్సిందీ లేదు, చేయాల్సిందీ లేదు. ఆ శుక్రవారం నడకకు తలనొప్పి అని చెప్పి ఎగ్గొట్టాను. నిరంజన్ ఒక్కడే వెళ్ళి, మొహం వేలాడేసుకుని వచ్చాడు. నల్లది రాలేదు. రోజంతా దుమ్ముగాలి, నీలివి కూడా రాలేదట. నోటుబుక్కులో ఆ వారం సున్నా. తన తలనొప్పి మాత్రలేవో నాకిమ్మని సుకుమారి గారు పంపించారు. ఆ మాత్రలు చూస్తే తలకొట్టేసినట్టయింది.

ఆఖరి శుక్రవారం ముందురోజు గూడు రంగు మారింది. లోపల నల్లగా ఏదో కనపడుతోంది. నలుపు. నాకు పట్టరాని ఆనందమైంది. ఇడ్లీపిండి రుబ్బుతూ కూడా ప్రతి అయిదు నిమిషాలకూ వచ్చి చూశాను.

తెల్లవారి కారులో డబ్బాను ఒళ్ళో పెట్టుకున్నాను. గూటికి చల్లగాలి తగలకూడదని ఏసీ ఆపేశాం, ఇద్దరం చెమటతో తడిసిపోయాం. అల్ ఖోర్ రోడ్డు మీద ఆకాశం తెల్లబడుతుండగా గూడు పగిలింది. నిరంజన్ బండి పక్కకు ఆపాడు. నలిగిన గుడ్డపేలికలాంటిది బయటికొచ్చి, గూటికే వేలాడుతూ, మెల్లగా రెక్కలు చాచింది.

నారింజరంగు. నల్ల అంచు. కొసల్లో తెల్లచుక్కలు.

నేనూ నిరంజన్ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. జిల్లేడు మీద వాలే ఆ మామూలుదే. ఖతార్‌లో ఏ రోడ్డు పక్కనైనా దొరికేదే. రెండు వారాల సిగ్గు, రెండు చావులు, అరగంట దాక్కోవడం, అన్నీ దీనికోసమా అనిపించింది.

"వెనక్కి తిప్పుదామా?" అన్నాడు.

"వద్దు. మేక సంగతైనా చెప్పాలె కదా."

వాళ్ళు ముగ్గురూ రేగుచెట్టు కింద ఉన్నారు. నేను డబ్బా పట్టుకుని తిన్నగా వెళ్ళి, నిత్యానందం గారి ముందు నిలబడ్డాను. షఫీ ఉన్నాడు, సుకుమారి గారు ఉన్నారు, ఉండనీ అనుకున్నాను.

"సార్, ఆ మడిని మేక మెయ్యలే. నేనే తెంపుకపోయిన, పప్పుకు. అండ్ల మూడు పురుగులు దొరికినయి. రెండు నా చేతిల సచ్చిపోయినయి. మీ నల్లది అనుకొని ఒకదాన్ని పెంచిన. ఇగో, ఇది అచ్చింది. మామూలుదే సార్. నన్ను మాఫ్ చేయండి."

నిత్యానందం గారు నన్ను చూడలేదు. డబ్బా తీసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి ఆ సీతాకోకచిలుకను చూశారు. దాని వెనక రెక్కను చూశారు.

"ఇది ఏం తిందమ్మా?" అన్నారు.

"గంగవాయిలి సార్. మీ పావిలి."

"జిల్లేడు?"

"జిల్లేడు మా వంటింట్ల ఎక్కడిది సార్?"

"తింటుండగా మీ కళ్ళతో చూశారా?"

"రెండువారాల నుంచి ఇంకేం చూసిన సార్ నేను?"

ఆయన లేచి నిరంజన్ చెయ్యి పట్టుకుని రేగుచెట్టు వెనక్కి తీసుకెళ్ళారు. ఏం తింది, ఎప్పుడు వేలాడింది, గూడు ఏ రంగు, కొమ్ములెన్ని అని ఒక్కొక్కటే అడగడం మాకు ఇవతలికి వినపడుతోంది. సైటులో అధికారులకు జవాబు చెప్పినట్టు మా ఆయన నిటారుగా నిలబడి చెబుతున్నాడు. తిరిగొచ్చేసరికి నిత్యానందం గారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మగదే నల్లగా ఉంటుందండి" అన్నారు. "ఆడది ఇలా ఉంటుంది. పిట్టలు తినకుండా జిల్లేడుదాని వేషం వేస్తుంది. ఈ వెనక రెక్క చూడండి, జిల్లేడుదానికి నడుమ మూడు చుక్కలుంటాయి, దీనికి ఒక్కటే. ఎగురుతుంటే ఎవరికి తెలుస్తుంది? ఈ పదకొండేళ్ళలో నా ముందు నుంచి ఎన్ని పోయాయో. తెలిసేదెలాగంటే ఒక్కటే దారి, ఏం తిని పెరిగిందో దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పాలి." డబ్బా పైకెత్తి నాకు చూపించారు. "ఇదేనమ్మా. ఇదే అది."

సుకుమారి గారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. "సామానంతా కార్టన్లకెక్కించాం వేదా. ఈ నోటుబుక్కు మాత్రం సర్దనివ్వలేదీయన, ఇంకో శుక్రవారం ఉందని" అన్నారు. షఫీ తేరుకుని, "నల్ల కవర్ అన్నందుకు నేను సుత మాఫీ అడుగుతున్న సార్" అన్నాడు.

వల విప్పాం. అది కాసేపు డబ్బా అంచున కూర్చుంది. తరువాత నిత్యానందం గారి మోచేతి మీద నడిచి, ఎగిరి, పల్లేరు పువ్వుల మీదుగా తోట గోడ వైపు, ఆ పైపు వైపే వెళ్ళింది. ఆయన వెంటబడలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకుని, కనిపించినంతసేపూ చూశారు.

నోటుబుక్కు తెరిచి ఇరవై నాలుగు అని అంకె వేశారు. చూసినవారు అన్నచోట 'వేదవతి, నిరంజన్' అని రాశారు. తన పేరు రాయలేదు. తినడం తాను చూడలేదు కాబట్టి తాను సాక్షి కాదట. కలం నాకిచ్చి సంతకం పెట్టమన్నారు.

నేను సంతకం పెట్టి, ఆ నల్లదాన్ని వెతికిన రోజులన్నీ చూడాలనిపించి పేజీ వెనక్కి తిప్పాను. సున్నా ఉన్న పేజీ. దాని వెనక, నేను మొదటిసారి వచ్చిన రోజు పేజీ. నా పేరు ఆరుసార్లు ఉంది. కాదు, ఏడుసార్లు. అచ్చు గుద్దినట్టున్న అక్షరాల్లో, పేజీ అడుగున:

'పైపు దగ్గర పావిలి మడి వేదవతి గారు పప్పుకి గిల్లుకున్నారు. లేత కొసలే తీశారు, కాడలు వదిలారు. పది రోజుల్లో చిగురిస్తుంది. నలుగురిలో ఆవిడ చిన్నబుచ్చుకోకూడదని మేక అన్నాను.'

తన కళ్ళు చూసిందాన్ని కూడా ఇంకొకరు చెప్పందే రాయని మనిషి, నాకోసం అబద్ధమాడి, ఆ అబద్ధాన్ని కూడా నిజాయితీగా రాసిపెట్టుకున్నాడు. నాకు అక్షరాలు కనపడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని తలెత్తాను.

"మీకు తెల్సా సార్?"

"మేక గోటితో గిల్లదమ్మా" అన్నారాయన. "మా అమ్మ కూడా అచ్చం అలాగే గిల్లేది. ఇంతకీ పప్పు ఎలా కుదిరిందండీ?"

"వండలే సార్. అంత అవే తిన్నయి."

"ఆయ్, అయితే అదీ రాయండి మరి."

ఆయన మాట కింద, నా కోడిగీతల్లో, పప్పు వండలేదని, కూరంతా పురుగులకే పెట్టానని రాశాను. నిరంజన్‌ను పిలిచి అతనిచేత కూడా సంతకం పెట్టించాను.